చీనీ మండీ పట్టీలు: ప్రాజెక్టు డైరీ

మే 2025, మూడో వారం

పని ఇదీ. మా మేనమామకు అనంతపురం మార్కెట్ యార్డులో చీనీ (బత్తాయి) కాయల కమీషన్ మండీ ఉంది. రైతు కాయ తెచ్చి కుప్ప పోస్తాడు, పాట అవుతుంది, తూకం వేస్తారు, గుమాస్తా తక్‌పట్టీ, అంటే తూకం, ధర, ఖర్చులు, రైతుకొచ్చే మొత్తం ఉండే చీటీ, రాసిస్తాడు. ఆ పట్టీ ఇప్పటికీ కార్బన్ కాగితం పెట్టి చేత్తో రాసేదే. మూలన ఒక కంప్యూటర్, అందులో ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ఉన్నాయి గానీ అవి ఆడిటరు కోసం. రైతుకు వాటితో సంబంధం లేదు. సీజన్లో కుప్పలు వరసగా తెగుతుంటే, పట్టీ కోసం రైతులు గుమాస్తా చుట్టూ నిలబడి ఉంటారు. "నువ్వెప్పుడూ ఆ కంప్యూటర్లో తల పెట్టుకోని ఉంటావు గదా అల్లుడా, ఇదొక్కటి చేసిపెట్టు" అన్నాడు మామ. సరేనన్నా. జీతం పని బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే చేస్తున్నా కాబట్టి, సాయంత్రాలూ ఆదివారాలూ దీనికి.

షరతులు ముందే రాసిపెట్టుకున్నా. యార్డులో నెట్ ఉన్నట్టే ఉండి పోతుంది, కాబట్టి నెట్ లేకున్నా నడవాలి. కరెంటు పోతే అప్పటిదాకా రాసిన పట్టీలు పోకూడదు. గుమాస్తాకు మౌస్ గిట్టదు. నంబర్ ప్యాడ్ మీద మాత్రం ట్యాలీ పుణ్యమా అని చూడకుండా కొడతాడు. అన్నిటికన్నా ముఖ్యం, పట్టీ తెలుగులో రావాలి. ఇంగ్లిషు పట్టీ ఇస్తే రైతు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఊళ్లో ఎవరి చేతో చదివించుకోవాలి. అప్పటికి కాయ లారీ ఎక్కి పోయి ఉంటుంది, అడగడానికేమీ మిగలదు.

పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలన్నీ కూడబలుక్కున్నట్టు ఈ వారమే డెవలపర్ల సభల పండగ పెట్టుకున్నాయి. సియాటిల్‌లో మైక్రోసాఫ్ట్ బిల్డ్ 19 నుంచి 22 వరకు, మౌంటెన్ వ్యూలో గూగుల్ ఐ/ఓ 20, 21 తేదీల్లో. 22న ఆంత్రోపిక్ కంపెనీ క్లాడ్ 4 ఏఐ మోడళ్లను వదిలి, కోడ్ రాసిపెట్టే క్లాడ్ కోడ్‌ను అందరికీ తెరిచింది. అక్కడ పొద్దున పదికి మొదలయ్యే ఐ/ఓ ప్రసంగం మనకు రాత్రి పదిన్నరకు. అన్ని వేదికల మీదా ఒకటే పాట: నువ్వు పని చెప్పి పడుకో, తెల్లారేసరికి ఏజెంటు, అంటే తనంతట తాను పనిచేసే ఏఐ ప్రోగ్రాం, కోడ్ రాసిపెడుతుంది. గూగుల్ జూల్స్ అలాంటిదే. కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్‌లో కోపైలట్ కోడింగ్ ఏజెంటుకు ఒక ఇష్యూ (చేయాల్సిన పని) అప్పగిస్తే, అదే బ్రాంచి (కోడ్‌కు విడి పాయ) తీసి, మార్పులు కలుపుకోమని పుల్ రిక్వెస్టు పెడుతుంది.

నాకు బిల్డ్‌లో బాగా నచ్చింది మాత్రం జనం పెద్దగా పట్టించుకోనిది. దాని పేరు ఎడిట్. టెర్మినల్లో, అంటే ఆదేశాలు టైపు చేసే తెరలో, నడిచే బుల్లి టెక్స్ట్ ఎడిటర్, మొత్తం సైజు 250 కేబీ లోపే. 64-బిట్ విండోస్‌లో కమాండ్ లైన్‌లోనే తెరిచి రాసుకునే ఎడిటర్ అంటూ ఇన్నేళ్లూ లేదు, ఆ లోటు తీర్చడానికి చేశారు. సోర్స్ కోడ్ కూడా అందరూ చూసి వాడుకునేలా తెరిచేశారు. విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ సోర్స్‌నూ ఈ వారమే తెరిచారు. ఏజెంట్ల హోరులో ఈ రెండు వార్తలూ వినబడలేదు గానీ, పదేళ్ల తర్వాత కూడా వాడుకలో ఉండేవి ఇలాంటివేనని నా లెక్క.

జూన్

మొదలుపెట్టా. భాష పైథాన్. కొత్తదేదైనా పట్టుకుందామా అని ఒక రోజు ఊగిసలాడా గానీ, రేపు నేను ఊళ్లో లేనప్పుడు జేఎన్‌టీయూలో చదివే పిల్లోణ్ని ఎవరినైనా పిలిపించి చూపిస్తే అర్థం కావాలి కదా.

కొత్త పరికరాల్లో నేను వెనకాముందు ఆలోచించకుండా వాడమని చెప్పేది ఒక్కటే: యూవీ. ఆస్ట్రల్ అనే కంపెనీ 2024 ఫిబ్రవరిలో వదిలింది, రస్ట్ అనే భాషలో రాసింది. అంతకుముందు పైథాన్ వెర్షన్‌కు ఒకటి, వర్చువల్ ఎన్విరాన్‌మెంటుకు (ప్రాజెక్టుకొక విడి గది లాంటిది) ఒకటి, ప్యాకేజీలకు (ఇతరులు రాసిపెట్టిన కోడ్ కట్టలు) ఒకటి, వాటి వెర్షన్లు బిగించడానికి ఇంకొకటి వాడేవాళ్లం. వాటికొకదానికొకటి పొసిగేది కాదు. యూవీ ఇవన్నీ తానే చేస్తుంది, పైథాన్‌ను కూడా తానే దింపుకుంటుంది. వేగం రస్ట్ మహిమ అంటారు గానీ అది సగమే నిజం. ఒకసారి దింపిన ప్యాకేజీని యంత్రం మొత్తానికి ఒకేచోట దాచి, ప్రతి ప్రాజెక్టులోనూ కాపీ చేయకుండా లింకు మాత్రం పెడుతుంది. డౌన్‌లోడ్లు ఒకేసారి పక్కపక్కన నడుస్తాయి. ఆ దాచిన నిల్వ ఉంటే నెట్ లేకుండా కూడా ప్రాజెక్టును నిలబెట్టొచ్చు. మండీ కంప్యూటర్‌కు నేను పెన్ డ్రైవ్‌లో తీసుకుపోయేది ఆ నిల్వనే.

డేటాబేస్ ఎస్క్యూలైట్. 2000లో రిచర్డ్ హిప్ మొదలుపెట్టాడు, 2050 దాకా నడుపుతామని ఆ బృందం మాటిచ్చింది. సర్వర్ లేదు, పాస్‌వర్డ్ లేదు, ఉన్నదంతా ఒక్క ఫైలు. మనందరి ఫోన్లలోనూ ఉంది, ఎవరికీ పేరు తెలియదు.

ఇక్కడ ఒక సంగతి వివరంగా రాసుకోవాలి. ఎస్క్యూలైట్‌లో వాల్ మోడ్ ఉంది, 2010లో వచ్చింది. మార్పులను ముందు పక్కనున్న చిట్టా ఫైలులో రాసి, తీరిగ్గా అసలు ఫైలులోకి చేరుస్తుంది. దీన్ని వాడేటప్పుడు సింక్రనస్ అనే సెట్టింగును నార్మల్‌లో పెట్టమని అందరూ సలహా ఇస్తారు, వేగం కోసం. దాంతో డేటాబేస్ పాడు కాదు, అంతవరకు నిజమే. కానీ సరిగ్గా అప్పుడే కరెంటు పోతే, చివరగా సేవ్ అయ్యిందని చెప్పిన పట్టీ తిరిగొచ్చాక ఉండకపోవచ్చు. వెబ్‌సైటుకైతే పెద్ద నష్టం లేదు. మండీలో ఆ చివరి పట్టీ ఒక రైతు చేతిలో ఉంటుంది, నంబరుతో సహా. అతను బయటికి పోయాక అదే నంబరు ఇంకొకరికి పడుతుంది. అందుకే ఫుల్‌లో పెట్టా. రోజంతా కలిపినా రాసేది కొన్ని వందల పట్టీలు, వేగం ఎవరికి కావాలి? సేవ్ అన్న సందేశం తెర మీద పడిన క్షణాన ప్లగ్గు పీకి చూశా. మళ్లీ పెడితే పట్టీ ఉంది. యూపీఎస్ బ్యాటరీ చచ్చి ఎన్నేళ్లయిందో మామకే గుర్తులేదు కాబట్టి ఈ పరీక్ష అవసరమే.

డబ్బు పైసల్లో, తూకం గ్రాముల్లో, రెండూ పూర్ణాంకాలే. దశాంశాల జోలికి పోలేదు.

జులై

పట్టీ లెక్క రాసే పనిని ఒక కోడింగ్ ఏజెంటుకు అప్పగించా. ఏదన్నది రాయను, ఏదైనా ఇదే చేసేదని నా నమ్మకం. తెలుగులోనే చెప్పా: తూకంలోంచి సూటు (మండీలో ఆనవాయితీగా కోసుకునే కిలోలు) తీసెయ్, మిగిలినదాన్ని టన్ను ధరతో గుణించు, అందులోంచి కమీషన్, హమాలీ, బాడుగ, ముందే ఇచ్చిన అడ్వాన్సు పోగా రైతు చేతికి ఎంత వస్తుందో చూపించు. టీ తాగి వచ్చేసరికి ఫంక్షన్లు, అవి సరిగ్గా పనిచేస్తున్నాయా అని చూసే టెస్టులు అన్నీ సిద్ధం. ఒక్క టెస్టు కూడా ఫెయిల్ లేదు. కోడ్ కూడా ముచ్చటగా ఉంది, వేరియబుళ్ల పేర్లు నాకన్నా బాగా పెట్టింది.

దాన్ని పట్టుకుని మండీకి పోయా. గుమాస్తా పక్కన కూర్చుని పాత పట్టీలు ఒక్కొక్కటే కొట్టించా. కొన్ని పైసాతో సహా సరిపోయాయి. కొన్ని ఎంత చూసినా సరిపోవు.

తేడా ఎక్కడో తెలియడానికి గుర్తుండే అంకెలు వేసి రాస్తున్నా. తూకం 4,370 కిలోలు, ధర టన్ను 18,500 రూపాయలు, సూటు టన్నుకు 50 కిలోలు అనుకుందాం. ఏజెంటు లెక్కలో సూటు 218.5 కిలోలు, మిగిలేది 4,151.5 కిలోలు, డబ్బు 76,802 రూపాయల 75 పైసలు. గుమాస్తా లెక్కలో సూటు 200 కిలోలే, మిగిలేది 4,170 కిలోలు, డబ్బు 77,145. రైతుకు 342 రూపాయల పావలా తేడా.

"ముక్క టన్నుకు సూటేందప్పా? నిండు టన్నుకే. ముక్కకు గూడా తీస్తే రైతు ఊరికే ఉంటాడా?" అన్నాడు గుమాస్తా.

"ఇది యాడన్నా రాసి పెట్టుకున్నారా?"

"రాసేదేముంది, అందరికీ తెల్సిందే గదా. మన మండీలో ఇంతే. పక్కోళ్ల లెక్క పక్కోళ్లది."

ఏజెంటును తప్పుపట్టడానికేం లేదు. దానికి చెప్పిన మాటల్లో ముక్క టన్ను ఊసే లేదు. అసలు సంగతి టెస్టులది. కోడ్ రాసినదే టెస్టులూ రాస్తే, రెంటిలోనూ ఉండేది ఒకే ఊహ. ఊహ ఎటు పోతే టెస్టులూ అటే పోతాయి, అన్నీ పాసవుతాయి. అందుకని ఆ ఆదివారమంతా కోడ్ ముట్టుకోలేదు. పాత పట్టీల కట్ట ముందేసుకుని వాటిలోని అంకెలను ఒక సీఎస్‌వీ ఫైలులోకి, అంటే మామూలు పట్టికలోకి, ఎక్కించా. ఎడమ వైపు తూకం, ధర, ఖర్చులు. కుడి వైపు గుమాస్తా చేత్తో రాసిన చివరి మొత్తం. ఏ కోడ్ అయినా సరే, ఎవరు రాసినా సరే, ఆ కుడి వైపు అంకె రావాలి. అది వచ్చాక ఏజెంటును స్వేచ్ఛగా వదిలా. ఫంక్షన్లు చీల్చుకుంటావా చీల్చుకో, పేర్లు మార్చుకుంటావా మార్చుకో.

ఈ నెలలోనే మెటర్ అనే పరిశోధన సంస్థ ఒక అధ్యయనం బయటపెట్టింది. అనుభవమున్న 16 మంది ఓపెన్ సోర్స్ డెవలపర్లు, తమకు బాగా అలవాటైన రిపోల్లో (ప్రాజెక్టు కోడ్ దాచే చోట్లు) 246 పనులు చేశారు. ఏఐ పరికరాలు వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్లు మాత్రం పని మొదలుపెట్టకముందు 24 శాతం వేగం పెరుగుతుందనుకున్నారు, అంతా అయ్యాక కూడా 20 శాతం పెరిగిందనే నమ్మారు. మనిషి తన వేగాన్ని తానే ఇంత తలకిందులుగా అంచనా వేయడం నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో ఈ ఏడాది సర్వేలోనూ ఇలాంటి తిరకాసే: ఏఐ పరికరాలు వాడుతున్నామనో వాడబోతున్నామనో అన్నవాళ్లు 84 శాతం, వాటి జవాబులు నమ్మలేమన్నవాళ్లు 46 శాతం. నా మట్టుకు నాకు కీబోర్డు మీద వేళ్ల పని బాగా తగ్గింది. గుమాస్తా పక్కన కూర్చునే పని ఒక్క నిమిషం కూడా తగ్గలేదు, అసలు తెలియాల్సింది అక్కడే తెలిసింది.

ఫిబ్రవరిలో ఏఐ పరిశోధకుడు ఆండ్రే కర్పాతీ వైబ్ కోడింగ్ అన్న మాట వేశాడు, కోడ్ ఉందన్న సంగతే మరిచిపోయి చెప్పుకుంటూ పోవడం. వారాంతాల్లో చేసి పారేసే ప్రాజెక్టులకు ఫరవాలేదని ఆయన అప్పుడే అన్నాడు. ఆ సగాన్ని జనం వదిలేశారు.

ఆగస్టు

అచ్చు. ఈ నెలంతా దీనికే పోయింది, పోయినందుకు బాధ లేదు.

కొన్నది 80 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటర్, హోటళ్లలో బిల్లులు కొట్టేలాంటిది. కాగితం వెడల్పులో 72 మిల్లీమీటర్ల మేర అచ్చేస్తుంది, మిల్లీమీటరుకు 8 చుక్కలు, మొత్తం 576 చుక్కలు. దాని లోపల ఇంగ్లిషు అక్షరాలున్నాయి గానీ తెలుగు లేదు. కాబట్టి పట్టీని బొమ్మగా గీసి పంపాలి. పైథాన్‌లో బొమ్మలకు పిల్లో అనే లైబ్రరీ (ప్యాకేజీ లాంటిదే) ఉంది. ఫాంటు మండలి. గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది, ఎవరైనా ఉచితంగా వాడుకోనిచ్చే ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంటు లైసెన్సు, చిన్న సైజులోనూ వత్తులు స్పష్టంగా పడతాయి.

మొదటి పట్టీ బయటికొచ్చింది. గార్లదిన్నె అని ఉండాల్సిన చోట "గార్ లదిన్ నె" అని వచ్చింది. గుమాస్తా కళ్లజోడు పైకి నెట్టి, "ఇదేం ఊరప్పా?" అన్నాడు.

జరిగిందేమిటంటే, కంప్యూటర్లో అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌లో వత్తు అంటూ విడిగా ఏమీ లేదు. ర, పొల్లు, ల అని మూడు కోడ్‌లు వరసగా ఉంటాయి. వాటిని చూసి ల-వత్తు బొమ్మ తెచ్చి ర కింద కూర్చోబెట్టడం షేపింగ్ ఇంజిన్ పని. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలో, ఆండ్రాయిడ్‌లో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్. పిల్లో మామూలుగా ఒక్కో కోడ్‌కు ఒక్కో బొమ్మ పేర్చుకుంటూ పోతుంది. ఇంగ్లిషుకు అది చాలు. మనకు రాక్మ్ అనే లైబ్రరీ ద్వారా హార్ఫ్‌బజ్‌ను పిలిపించాలి. విండోస్‌లో రాక్మ్ పిల్లోతో పాటే వస్తుంది, అయినా లేవదు. దానికి ఫ్రిబిడీ అనే ఇంకో లైబ్రరీ ఫైలు (డీఎల్ఎల్) కావాలి, అది మనం తెచ్చి పెట్టుకోవాలి. ఫ్రిబిడీ పనల్లా అరబ్బీ, హీబ్రూ లాంటి కుడి నుంచి ఎడమకు రాసే లిపులను సర్దడం. గార్లదిన్నెకు దాంతో ఏం పని? ఏమీ లేదు. కానీ అది లేకుంటే రాక్మ్ కదలదు, రాక్మ్ కదలకుంటే వత్తు పడదు. పైగా ఎర్రర్ ఏమీ రాదు, కిక్కురుమనకుండా పాత పద్ధతిలో గీసేస్తుంది. అందుకే ప్రోగ్రాం మొదలవగానే రాక్మ్ ఉందా అని పిల్లోను అడిగే ఒక లైను పెట్టా. లేకపోతే అక్కడే ఆగిపోతుంది. తప్పు తెలుగుతో పట్టీ రావడం కన్నా రాకపోవడమే నయం.

వత్తులు కుదిరాక నిలువు గళ్ల గొడవ. ఊరి పేరు గడిలో పట్టకపోతే కత్తిరించాలి. ఎక్కడ? గార్లదిన్నెలో మన కంటికి అక్షరాలు నాలుగు: గా, ర్ల, ది, న్నె. పైథాన్‌ను పొడవెంత అని అడిగితే 11 అంటుంది. ఫైలులో 33 బైట్లు. ఐదో కోడ్ ముందర కత్తిరిస్తే "గార్" అని పొల్లు వేలాడుతూ మిగులుతుంది. యూనికోడ్ 2023లో తెచ్చిన 15.1 వెర్షన్‌లో దీనికి నియమం చేర్చారు. పొల్లుతో కలిసిన హల్లులను విడదీయకుండా ఒకే అక్షరంగా లెక్కపెట్టమని, తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు. బ్రౌజర్లలో మాటను అక్షరాలుగా విడదీసే ఇంటిల్ సెగ్మెంటర్ అనే సదుపాయం కూడా ఉంది, ఫైర్‌ఫాక్స్ 125తో 2024 ఏప్రిల్‌లో అన్ని పెద్ద బ్రౌజర్లకూ అందింది. ఏజెంట్ల వార్తల్లో సగం చదవకపోయినా నష్టం లేదు గానీ, తెలుగులో సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు ఈ నియమం గురించి చదివి తీరాలి.

చివరికి నేను అక్షరాలు లెక్కపెట్టడమే మానేశా. పేరు మొత్తాన్నీ గీయించి ఎన్ని చుక్కల వెడల్పు వచ్చిందో కొలిచి, పట్టకపోతే ఫాంటు సైజు తగ్గిస్తున్నా. ఊరి పేరు తోక తెగడం మామకు కూడా నచ్చలేదు.

ఈ గొడవలో పడ్డప్పుడల్లా 2018 ఫిబ్రవరి గుర్తొస్తుంది. 'జ్ఞా' అక్షరాన్ని ఒక రకంగా కలిపి పంపితే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలేవి. ఐఓఎస్ 11.2.6లో సరిచేశారు. ప్రపంచమంతా తెలుగు అక్షరం గురించి మాట్లాడుకున్నది ఆ వారమే.

సెప్టెంబరు

బెంగళూరులో వరసగా రెండు సభలు, పైథాన్ వాళ్ల పైకాన్ ఇండియా, ఓపెన్ సోర్స్ వాళ్ల ఇండియాఫాస్. పైకాన్ ఇండియా మొదటిసారి 2009లో జరిగింది కూడా బెంగళూరులోనే. ఇండియాఫాస్‌ను ఫాస్ యునైటెడ్ వాళ్లు నడుపుతారు. రెండిట్లో దానికే పోయా, తెల్లవారుజాము బస్సెక్కితే పొద్దునకల్లా దిగొచ్చు. హాల్లో కూర్చుని విన్నవాటికన్నా బయట కాఫీ దగ్గర దొరికినవే ఎక్కువ. కన్నడలో రేషన్ రసీదుల మీద పనిచేసే ఒకాయన కలిశాడు. ఆయనకూ ఇదే రాక్మ్, ఇదే ఫ్రిబిడీ, ఇదే ఒత్తు. ఇద్దరం ఫోన్లు తీసి చెడిపోయిన రసీదుల ఫొటోలు చూపించుకుని నవ్వుకున్నాం. ప్రసంగాల రికార్డింగులు ఇంట్లోనూ చూడొచ్చు, ఈ ముచ్చట దొరకదు.

అదే నెలలో, జావాస్క్రిప్టు ప్యాకేజీలు దొరికే ఎన్‌పీఎం ప్రపంచంలో నిప్పంటుకుంది. 8వ తేదీన చాక్, డీబగ్ సహా 18 ప్యాకేజీల్లో దొంగ కోడ్ చేరింది. నిర్వహించే ఆయనకు ఎన్‌పీఎం నుంచే వచ్చినట్టున్న ఈమెయిలు పంపి లాగిన్ కాజేశారు. ఆ ప్యాకేజీల డౌన్‌లోడ్లన్నీ కలిపితే వారానికి 200 కోట్లు దాటుతాయి. క్రిప్టో లావాదేవీల్లో వాలెట్ చిరునామాలు మార్చేయడం దాని పని. గంటల్లోనే పట్టుకున్నారు. ఆ తర్వాత వారం తిరగకుండానే షాయ్-హులూద్ అనే పురుగు బయల్దేరింది. ఒక డెవలపర్ యంత్రంలో చేరితే అతని ప్యాకేజీలన్నిటిలోకీ తనంతట తానే పాకేది.

మన పట్టీలో జావాస్క్రిప్టు ప్యాకేజీలు ఒక్కటీ లేవు. తెర చేత్తో రాసిన హెచ్‌టీఎంఎల్. పైథాన్ ప్యాకేజీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. యూవీ లాక్ ఫైలులో ప్రతిదానికీ హాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి గుర్తు) ఉంది, ఒక్క బైటు మారినా ఇన్‌స్టాల్ కాదు. ఏజెంటు మాత్రం ప్రతి చిన్న పనికీ ఒక కొత్త లైబ్రరీ తెస్తానంటుంది. వద్దని రిపోలోనే రాసిపెట్టా: నన్నడగకుండా కొత్త ప్యాకేజీ చేర్చకు.

అక్టోబరు

7న పైథాన్ 3.14 వచ్చింది. సీజన్ నడుస్తుండగా మార్చను.

14న విండోస్ 10కు మద్దతు ముగిసింది. 2015లో వచ్చిన సిస్టం. మండీ మూలనున్నది అదే, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేని పాత ఇంటెల్ యంత్రం, విండోస్ 11 ఎక్కదు. ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబరు దాకా, భద్రతా అప్‌డేట్లు పొడిగించుకునే వీలుంది గానీ అది వాయిదా మాత్రమే. మామకు చెప్తే, "బాగా పనిచేస్తాండే మిషన్‌ను వాళ్లెవరో చెప్పినారని పారేయాల్నా?" అన్నాడు. నిజానికి ఆ ప్రశ్న ప్రపంచంలో చాలామంది అడుగుతున్నదే.

తేల్చుకున్నది ఇదీ. ట్యాలీ పాత యంత్రంలోనే ఉంటుంది, నెట్ తీసేశాం. పట్టీల కోసం సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న డబ్బా పీసీ కొని డెబియన్ 13 అనే లినక్స్ ఎక్కించా, ఆగస్టులో వచ్చినదే. ఆగస్టంతా నన్ను తిప్పలు పెట్టిన ఫ్రిబిడీ ఇక్కడ సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టే ఒక్క ఆప్ట్ కమాండుతో వచ్చి కూర్చుంది. లినక్సా, ఇంకోటా అన్నది గుమాస్తాకు పట్టలేదు. నంబర్ ప్యాడ్, ఎంటర్, పట్టీ. అంతే కావాలి ఆయనకు.

20న దీపావళి. ఆ మధ్యాహ్నం ఫోనులో యాప్‌లు ఒక్కొక్కటే మొరాయించాయి. అమెరికాలో ఉత్తర వర్జీనియాలోని ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) కేంద్రంలో డైనమోడీబీ అనే డేటాబేస్ చిరునామా చెప్పాల్సిన డీఎన్ఎస్ రికార్డు ఖాళీ అయిపోయింది. రికార్డులను తనంతట తాను సరిచేసే రెండు ప్రోగ్రాములు ఒకదాన్నొకటి తొక్కుకున్నాయట. నవంబరు 18న సాయంత్రం ఐదవుతుండగా, ఎన్నో వెబ్‌సైట్ల ముందు కాపలా ఉండే క్లౌడ్‌ఫ్లేర్ వంతు. డేటాబేస్ అనుమతుల్లో ఒక మార్పు చేస్తే ఒక ఫైలులో వరసలు రెండేసి పడి సైజు రెట్టింపయ్యింది, చదివే ప్రోగ్రాము పరిమితి దాటి కూలిపోయింది. ఇది కూడా ఇక్కడే రాసేస్తున్నా. పట్టీలు రెండు రోజుల్లోనూ మామూలుగానే వచ్చేవి, వాటికి వర్జీనియాతో పని లేదు. గొప్పకు చెప్పడం లేదు, మండీ అవసరం అంత చిన్నది. చిన్న అవసరానికి క్లౌడ్ తగిలించమని నాకు సలహా ఇచ్చినవాళ్లు మాత్రం తక్కువమంది కాదు.

నవంబరు

నోటితో చెబితే పట్టీ పడేలా చేద్దామని చూశా. జెమ్మా 3ఎన్ గూగుల్ మేలో చూపించి జూన్‌లో పూర్తిగా వదిలిన ఏఐ మోడల్, ఫోన్లలో నడిచేలా చేసింది, మాట కూడా వింటుంది. చిన్న రకానికి 2 జీబీ, పెద్ద రకానికి 3 జీబీ మెమొరీ చాలన్నారు. అదీ, ఇంకొన్ని తెలుగు మాట పట్టే మోడళ్లూ నా ల్యాప్‌టాప్‌లో తిప్పి చూశా. ఇంట్లో గదిలో కూర్చుని నేను నిదానంగా చెబితే ఫరవాలేదు. యార్డులో పాట అరుపులు, హమాలీల కేకలు, లారీ రివర్స్ హారను మధ్య గుమాస్తా చెబితే వేరే కథ. అదీగాక ఆయన "గార్లదిన్నె, నాలుగు మున్నూట డెబ్బై, పద్దెనిమిదిన్నర" అంటాడు. నాలుగు టన్నుల 370 కిలోలు, ధర 18,500 అని యార్డులో ఏ పిల్లోడైనా చెబుతాడు. మోడల్ విన్న అంకెలు సరైనవైనా, ఏది తూకమో ఏది ధరో మళ్లీ మనిషే చూసి సరిచేయాలి. సరిచేసే లోపల ఆయన నంబర్ ప్యాడ్ మీద రెండు పట్టీలు కొట్టేస్తాడు. పక్కన పెట్టేశా. బ్రాంచి చెరపలేదు, ఉండనీ.

డిసెంబరు

ఒక్కటే తెగని పంచాయితీ: సూటును పట్టీలో విడిగా అచ్చేయాలా వద్దా. చేత్తో రాసే రోజుల్లో పట్టీలో సూటుకు విడిగా వరస ఉండేది కాదు. అసలు సూటు ఉండాలా అన్నది రైతులు ఏనాటి నుంచో అడుగుతున్న మాట, దాన్ని నా కోడ్ తేల్చలేదు. కానీ తీసినదాన్ని చూపించడం నా చేతిలో ఉంది. నేను మొదటి నుంచీ మొత్తం తూకం, సూటు, నికర తూకం అని మూడు వరసలు పెట్టా.

"అచ్చేసి చేతికిస్తే అడగనోడు గూడా అడుగుతాడు గదరా" అన్నాడు మామ.

"అడగనీ మామా. కాటా దగ్గర తూకం వాళ్లు ఎట్లా చూస్తానే ఉంటారు. పట్టీలో ఇంకో అంకె కనబడితే మనసులో ఒకటనుకోని పోతారు. దానికన్నా ఇది మేలు గదా."

మామ ఏమీ అనలేదు. గుమాస్తానే కల్పించుకుని, ముక్క టన్నుకు మనం తీయడం లేదన్న సంగతి పట్టీలో కనబడితే మనకే పేరొస్తుందని చెప్పాడు. మామకు ఆ మాట ఎక్కింది. మూడు వరసలూ ఉన్నాయి. కార్బన్ కాగితం పుస్తకం మాత్రం బల్ల సొరుగులోనే ఉంచుకున్నాడు, ప్రింటర్ మొరాయిస్తే పనికొస్తుందని. సరైన ఆలోచనే.

ఇప్పుడు పక్క మండీ ఆయన కూడా అడుగుతున్నాడు, తనకూ ఒకటి పెట్టివ్వమని. సూటు నియమం కోడ్‌లో ఒకే ఒక్క ఫంక్షన్‌లో ఉంది, మార్చడం ఐదు నిమిషాల పని, ఏజెంటుకైతే అదీ పట్టదు. అయినా ముందు వాళ్ల పాత పట్టీల కట్ట ఒకటి పంపమన్నా. "అవెందుకు, లెక్క నేను చెప్తా గదా" అన్నాడాయన. కట్ట వచ్చేదాకా ఒక్క లైను కూడా మార్చను.